అమెరికా కోర్టు నుంచి కాగితం వస్తే: ఏ కోర్టో పోల్చుకోవడం నుంచి అప్పీలు దాకా

ఇంటికి కోర్టు కవరు వచ్చిందని ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది "లాయర్ని పెట్టుకోవాలా?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ కాగితం ఏ కోర్టుది? జవాబివ్వడానికి ఆఖరి తేదీ ఏది? ఈ రెండూ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, మంచి లాయర్ని వెతుక్కోవడమూ తేలికవుతుంది.

నేను లాయర్ని కాను. న్యూజెర్సీలో ఏళ్లుగా ఉంటూ, తెలిసినవాళ్ల కాగితాలు చదివిపెట్టి, వాళ్లకు తోడుగా కోర్టు మెట్లెక్కి నేర్చుకున్న క్రమం ఇది. జైలు, వీసా, పిల్లల కస్టడీ ముడిపడిన కేసైతే ఇది చదివాక కూడా లాయర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

1. ఒకే నిచ్చెన అనుకోవద్దు

మన దేశంలో కింద సివిల్ జడ్జి కోర్టు నుంచి జిల్లా కోర్టు, హైకోర్టు, పైన సుప్రీంకోర్టు దాకా ఒకే నిచ్చెన. కేంద్ర చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా ఎక్కేది అదే.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత నిచ్చెన ఉంది. వాటి పక్కనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిచ్చెన ఇంకొకటి: కింద 94 డిస్ట్రిక్ట్ కోర్టులు, మధ్యలో 13 అప్పీలు కోర్టులు, పైన 9 మంది జడ్జీల సుప్రీంకోర్టు. స్టేట్ కోర్టు ఫెడరల్ కోర్టుకు కింది మెట్టు కాదు, పక్క నిచ్చెన. అందుకే స్టేట్ జడ్జి ఇచ్చిన తీర్పు నచ్చలేదని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు అప్పీలుకు వెళ్లడం కుదరదు. అలా వేసి ఫీజు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. ఇక్కడ సివిల్ కేసులో "కంప్లైంట్" అంటే పోలీసు ఫిర్యాదు కాదు, మనం దావా అనేది. "ఆన్సర్" అంటే జవాబు దావా. "మోషన్" అంటే కేసు నడుస్తుండగా వేసే దరఖాస్తు. మనవాళ్లు "ఎక్స్ పార్టీ అయిపోయింది" అనేదాన్ని ఇక్కడ "డిఫాల్ట్" అంటారు. "కంప్లైంట్" అన్న మాట చూసి పోలీసులు వస్తారేమోనని రాత్రంతా నిద్రపోని కుర్రాడు నాకు తెలుసు. అది క్రెడిట్ కార్డు బాకీ దావా.

2. మొదటి పేజీ పై భాగం చదవండి

కవరు చింపగానే మధ్యలోని పేరాల్లోకి వెళ్లకండి. పైనున్న నాలుగైదు లైన్లలోనే అసలు సంగతి ఉంటుంది.

"యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్" అని ఉంటే ఫెడరల్. "యునైటెడ్ స్టేట్స్" అన్న మాట లేకుండా కౌంటీ పేరు, రాష్ట్రం పేరు ఉంటే స్టేట్ కోర్టు. పైన "డిపార్ట్‌మెంట్ ఆఫ్ జస్టిస్, ఎగ్జిక్యూటివ్ ఆఫీస్ ఫర్ ఇమిగ్రేషన్ రివ్యూ" అని ఉంటే అది ఇమిగ్రేషన్ కోర్టు. ఆ కోర్టు ఈ రెండు నిచ్చెనల్లోనూ లేదు, దాని సంగతి 8వ మెట్టులో చెబుతాను.

పేర్లు చూసి మోసపోయే చోట్లు మూడు:

- న్యూయార్క్‌లో "సుప్రీం కోర్ట్" అంటే కింది కోర్టు. అక్కడ అన్నిటికన్నా పైది "కోర్ట్ ఆఫ్ అప్పీల్స్". కేసు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లిందని కంగారు పడొద్దు.
- టెక్సస్‌లో స్టేట్ కోర్టుల పేరు కూడా "డిస్ట్రిక్ట్ కోర్ట్". పక్కన "కాలిన్ కౌంటీ, టెక్సస్" లాంటి మాట ఉంటే అది స్టేట్ కోర్టు. టెక్సస్‌లో పై కోర్టులు కూడా రెండు: సివిల్‌కు సుప్రీంకోర్టు, క్రిమినల్‌కు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్.
- టెక్సస్‌లో ఫెడరల్ డిస్ట్రిక్టులు నాలుగు. ఇర్వింగ్ నార్తర్న్ డిస్ట్రిక్టులోకి వస్తుంది, ఫ్రిస్కో ఈస్టర్న్ డిస్ట్రిక్టులోకి. రెండూ డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లే అయినా కోర్టులు వేరు. న్యూజెర్సీ రాష్ట్రం మొత్తానికి మాత్రం ఒకటే డిస్ట్రిక్ట్.

తర్వాత కేసు నంబరు. ఫెడరల్ నంబరు "3:25-సీవీ-01234" ఇలా ఉంటుంది. మొదటి అంకె ఏ ఊళ్లోని కోర్టో చెబుతుంది (న్యూజెర్సీలో 1 క్యామ్డెన్, 2 న్యూవార్క్, 3 ట్రెంటన్). 25 అంటే 2025లో వేసిన కేసు. సీవీ అంటే సివిల్, సీఆర్ అంటే క్రిమినల్, బీకే అంటే దివాలా.

న్యూజెర్సీ స్టేట్ నంబరు "ఎంఐడీ-డీసీ-004321-25" ఇలా ఉంటుంది. ఎంఐడీ అంటే మిడిల్‌సెక్స్ కౌంటీ, ఎడిసన్ వాళ్లది. డీసీ అంటే 20,000 డాలర్ల లోపు దావా. ఎస్సీ అంటే స్మాల్ క్లెయిమ్స్. ఎల్ అంటే 20,000 దాటినది. ఎల్టీ అంటే ఇంటి ఓనరు, అద్దెదారు కేసు. ఎఫ్ఎం అంటే విడాకులు. ఈ రెండక్షరాలు చదవడం వస్తే కేసు ఎంత పెద్దదో అక్కడే తెలిసిపోతుంది.

ఒక తెల్లకాగితం మీద ఇవి రాసుకోండి:

- కోర్టు పేరు, కౌంటీ లేదా డిస్ట్రిక్ట్
- కేసు నంబరు
- వాది ఎవరు, ప్రతివాదిగా మీ పేరు ఎలా రాశారు
- కాగితం చేతికి అందిన తేదీ, ఎవరు ఇచ్చారు, ఎలా ఇచ్చారు (మనిషి తెచ్చాడా, పోస్టులో వచ్చిందా)
- ఎంత సొమ్ము లేదా ఏం అడుగుతున్నారు

కవరు పారేయకండి. దానిమీద పోస్టు ముద్ర తేదీ తర్వాత పనికొస్తుంది.

3. కేసు నిజమైనదేనా చూసుకోండి

కోర్టు పేరుతో ఫోన్ చేసి "వారంట్ ఉంది, వెంటనే గిఫ్ట్ కార్డులతో కట్టండి" అనేది మోసం. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులు అడగదు. అయితే ఇలాంటి కాల్స్ విని విని, నిజమైన కాగితాన్ని కూడా మోసం అనుకుని పక్కన పడేసేవాళ్లు పెరిగారు. నాకు ఎక్కువ భయం దానితోనే.

ఫెడరల్ కేసైతే "పేసర్" అనే సైట్‌లో అకౌంట్ తెరిచి నంబరు కొట్టండి. పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కు ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు. మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు దాటకపోతే అసలు బిల్లే రాదు. స్టేట్ కేసులకు ఒకే చోటు లేదు. న్యూజెర్సీలో రాష్ట్ర కోర్టుల సైట్ ఉంది. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు, ఒక్కో కౌంటీ సుపీరియర్ కోర్టుకు ఒక్కో సైట్. నెట్‌లో దొరక్కపోతే క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేయండి. నంబరు మాత్రం కాగితం మీద ఉన్నది కాకుండా, కోర్టు సైట్ నుంచి మీరే తీసుకోండి.

4. ఏ గొడవ ఎక్కడికి వెళ్తుంది

అమెరికాలో నూటికి తొంభైకి పైగా కేసులు స్టేట్ కోర్టుల్లోనే నడుస్తాయి. విడాకులు, కస్టడీ, వీలునామా, అద్దె ఇల్లు, కారు యాక్సిడెంట్, ట్రాఫిక్ టికెట్, అప్పు బాకీ, ఒప్పందం తప్పడం, చాలావరకు నేరాలు అన్నీ అక్కడే.

ఫెడరల్ కోర్టుకు వెళ్లేవి ముఖ్యంగా ఇవి:

- ఫెడరల్ చట్టం మీద ఆధారపడ్డ కేసు: ఉద్యోగంలో వివక్ష, పేటెంట్, కాపీరైట్ లాంటివి
- దివాలా, ఇది ఫెడరల్ కోర్టులో మాత్రమే
- అమెరికా ప్రభుత్వం వాదిగానో ప్రతివాదిగానో ఉన్న కేసు: మీ దరఖాస్తును ఏళ్ల తరబడి తేల్చకుండా ఉంచిన ఇమిగ్రేషన్ ఆఫీసు మీద, ఏదో ఒకటి తేల్చమని ఆదేశించాలంటూ వేసే "మాండమస్" దావా ఇందులోకే వస్తుంది. ఫైలింగ్ ఫీజు 405 డాలర్లు
- వాది, ప్రతివాది వేర్వేరు రాష్ట్రాల పౌరులై, గొడవ విలువ 75,000 డాలర్లు దాటిన కేసు. ఇలాంటి కేసులో ఫెడరల్ జడ్జి కూడా రాష్ట్ర చట్టాన్నే అమలు చేస్తారు
- వీసా మోసం, బ్యాంకు మోసం లాంటి ఫెడరల్ నేరాలు

మనవాళ్లకు తరచూ ఎదురయ్యే ఒక కేసు చూద్దాం. హెచ్1బి మీద ఉన్న అమ్మాయి కన్సల్టెన్సీ మానేసి వేరే కంపెనీలో చేరింది. ఒప్పందంలో ఉన్న 15,000 డాలర్లు కట్టాలని పాత కంపెనీ దావా వేసింది. వీసా ఫెడరల్ వ్యవహారం కాబట్టి కేసూ ఫెడరలే అనుకుంటారు. కాదు. అది ఒప్పందం గొడవ, మొత్తమూ చిన్నది, కాబట్టి స్టేట్ కోర్టుకే వస్తుంది. అయినా ఆమె జవాబులో ఫెడరల్ నిబంధన పనికొస్తుంది. ముందుగా మానేసినందుకు జరిమానా వసూలు చేయడాన్ని హెచ్1బి నిబంధనలు ఒప్పుకోవు. నిజమైన నష్టానికి ముందే లెక్కకట్టిన పరిహారమైతే చెల్లుతుంది. ఏది జరిమానా, ఏది పరిహారం అన్నది రాష్ట్ర చట్టం ప్రకారం తేలుతుంది. బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) ఉంచి జీతం ఇవ్వకపోతే దారి ఇంకొకటి: లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగానికి, తప్పు జరిగిన 12 నెలల్లోగా ఫిర్యాదు.

ఉద్యోగంలో వివక్ష కేసు మాత్రం తిన్నగా కోర్టుకు పోకూడదు. ముందు ఈఈఓసీ (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) దగ్గర ఫిర్యాదు నమోదు చేయాలి. గడువు 180 రోజులు, రాష్ట్రంలో అలాంటి సంస్థే ఉంటే 300. వాళ్లు కేసు వేసుకోవచ్చని ఉత్తరం ఇచ్చాక 90 రోజుల్లో దావా వేయాలి. ఈ మెట్టు దాటేసి వెళ్తే జడ్జి కేసు లోపలికే దిగరు.

5. గడువు లెక్క కట్టండి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఒకే రోజు ఒకే కాగితం నాలుగు చోట్ల అందిందనుకోండి: 2026 మార్చి 4, బుధవారం, మనిషి వచ్చి చేతికిచ్చి వెళ్లాడు.

- ఫెడరల్ కోర్టు: 21 రోజులు. ఆఖరి తేదీ మార్చి 25.
- న్యూజెర్సీ: 35 రోజులు. ఏప్రిల్ 8.
- కాలిఫోర్నియా: 30 రోజులు. ఏప్రిల్ 3.
- టెక్సస్ డిస్ట్రిక్ట్ లేదా కౌంటీ కోర్టు: 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు. 20వ రోజు మార్చి 24 మంగళవారం, కాబట్టి మార్చి 30 సోమవారం 10 గంటలకల్లా.

టెక్సస్‌లోనే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో 14 రోజులే. న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్‌లో రాతపూర్వక జవాబు అక్కర్లేదు, కానీ చెప్పిన రోజు హాజరు కావాలి. ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో గడువు చాలా తక్కువ, కాబట్టి ఆ కాగితం అందిన రోజే కదలండి. మీ కాగితం మీద అచ్చువేసి ఉన్న గడువే మీకు లెక్క. నేను పైన చెప్పింది తేడా ఎంతుంటుందో చూపడానికి.

అందిన రోజును లెక్కలో కలపకూడదు. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు కలపాలి. ఆఖరి రోజు సెలవైతే తర్వాతి పనిదినానికి జరుగుతుంది.

నా అనుభవం చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వేరే ఊరు మారాక, పాత అడ్రసు నుంచి ఫార్వర్డ్ అయిన కవరు ఒకటి వచ్చింది. మిగతా చెత్త పోస్టుతో కలిపి డ్రాయర్‌లో పడేశాను. నాలుగు నెలల తర్వాత కిరాణా కొట్టులో కార్డు పనిచేయలేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే అకౌంట్ మీద కోర్టు లెవీ (తీర్పు సొమ్ము కోసం అకౌంట్‌లోని డబ్బును పట్టి ఉంచడం) ఉందన్నారు. కార్పెట్ శుభ్రం చేయడానికని ఓనరు వేసిన దావా, నేను జవాబివ్వలేదు కాబట్టి డిఫాల్ట్ జడ్జిమెంట్. అసలు బాకీ కన్నా మీద పడ్డ ఖర్చులు నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

డిఫాల్ట్ పడిపోయినా దారి ఉంది. తీర్పు కొట్టేయమని మోషన్ వేయాలి. అందులో రెండు చెప్పాలి: సకాలంలో ఎందుకు జవాబివ్వలేకపోయారు, కేసు మళ్లీ నడిస్తే మీ వాదన ఏమిటి. "తెలియలేదు" అని ఊరుకుంటే చాలదు, రెండోది కూడా గట్టిగా ఉండాలి. పొరపాటు, నిర్లక్ష్యం లాంటి కారణాలకు ఫెడరల్ కోర్టులోనూ న్యూజెర్సీలోనూ ఏడాది దాటకూడదు. ఏడాది ఉంది కదా అని ఆగొద్దు, తెలిసిన వారంలోనే వేయండి.

గడువు చాలకపోతే అవతలి లాయర్‌కు ఈమెయిల్ రాసి పొడిగింపు అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఫోన్‌లో "సరే" అన్నారని ఆగిపోకండి. రాతలో తీసుకుని, కోర్టులో దాఖలు చేయాల్సిన రూల్ ఉంటే చేయండి.

6. జవాబు రాసి దాఖలు చేయడం

కంప్లైంట్‌లో పేరాలకు నంబర్లు ఉంటాయి. మీ ఆన్సర్‌లోనూ అదే వరసలో ఒక్కో దానికి మూడింట్లో ఒకటి రాయాలి: ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోను, నాకు తెలియదు. ఫెడరల్ కోర్టులో ఒక పేరాను వదిలేస్తే, అందులోది ఒప్పుకున్నట్టే లెక్క. సొమ్ము మొత్తం ఒక్కటే దీనికి మినహాయింపు. మన కథంతా ఉత్తరంలా రాసి పంపితే ఆన్సర్ అవదు.

తర్వాత మీ వైపు రక్షణలు: గడువు దాటిన దావా, ఇప్పటికే కట్టేశాను, ఈ కోర్టుకు నామీద అధికారం లేదు లాంటివి. ఆఖరిది మొదటిసారే చెప్పాలి. మామూలు జవాబు వేసేసి తర్వాత "అసలు ఈ కోర్టే కాదు" అంటే వినరు. అవతలివాళ్లే మీకు బాకీ ఉంటే కౌంటర్ క్లెయిమ్ కూడా ఇందులోనే.

దాఖలు చేసే ముందు చూసుకోవాల్సినవి:

- కోర్టు సొంత ఫారం ఉందా? న్యూజెర్సీ, కాలిఫోర్నియా సైట్లలో చాలా ఫారాలు ఉచితం
- కేసు నంబరు, సంతకం, తేదీ, ఇప్పటి అడ్రసు ఉన్నాయా?
- ఫీజు ఎంత? కట్టలేకపోతే ఫీజు మాఫీ దరఖాస్తు జతపరిచారా?
- అవతలివాళ్లకు కాపీ పంపి, పంపినట్టు ధ్రువీకరణ జోడించారా?
- కోర్టు ముద్ర పడ్డ కాపీ మీ దగ్గర ఉందా?

జడ్జికి విడిగా ఉత్తరం రాయడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. అవతలివాళ్లకు కాపీ లేకుండా జడ్జికి ఏదీ చేరకూడదు. క్లర్క్ పద్ధతి చెబుతారు, సలహా చెప్పరు. "ఈ ఫారం ఎక్కడ ఇవ్వాలి?" అంటే చెబుతారు, "నేను ఏం రాస్తే గెలుస్తాను?" అంటే చెప్పరు. విసుక్కోవద్దు, అది వాళ్ల రూల్.

కంపెనీ లేదా ఎల్ఎల్‌సీ పేరు మీద దావా పడితే, ఓనరు మీరే అయినా ఫెడరల్ కోర్టులో సొంతంగా వాదించుకోలేరు. లాయర్ తప్పనిసరి. స్మాల్ క్లెయిమ్స్ లాంటి చోట్ల కొన్ని రాష్ట్రాలు వెసులుబాటు ఇస్తాయి.

స్టేట్ కోర్టులో పడ్డ కేసు ఫెడరల్ కోర్టుకు తగినదైతే, ప్రతివాది దాన్ని అక్కడికి మార్పించుకోవచ్చు. దాన్ని "రిమూవల్" అంటారు. కాగితం అందిన 30 రోజుల్లో చేయాలి. వేర్వేరు రాష్ట్రాలవాళ్లమనే కారణంతో అయితే, ప్రతివాది సొంత రాష్ట్రంలోనే కేసు పడినప్పుడు మార్చుకోవడానికి వీల్లేదు. ఇది లాయర్‌తోనే చేయించండి.

7. మీరే దావా వేయాలంటే: డిపాజిట్ వెనక్కి రాబట్టడం

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎడిసన్‌లో మాకు తెలిసిన జంట ఇల్లు ఖాళీ చేశారు. డిపాజిట్ 2,400 డాలర్లు. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఓనరు 30 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, కోత పెడితే లెక్క చూపాలి. అన్యాయంగా ఆపితే రెట్టింపు అడగొచ్చు. రెట్టింపు 4,800. అక్కడ స్మాల్ క్లెయిమ్స్ పరిమితి 5,000, సరిపోయింది. డిపాజిట్ 3,000 అయ్యుంటే రెట్టింపు 6,000 అయి, దావా పై విభాగంలో పడేది. ఈ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500, టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000.

మొదట ఓనరుకు డిమాండ్ లెటర్ రాయించాను: ఖాళీ చేసిన తేదీ, మొత్తం, పది రోజుల గడువు, కొత్త అడ్రసు. సర్టిఫైడ్ పోస్టులో పంపి రసీదు దాచారు. జవాబు లేదు. దావా వేశారు.

ఓనరు పేరు దగ్గర ఆగి ఆలోచించాలి. అద్దె తీసుకునే మనిషి పేరు వేరు, ఇల్లు ఎల్ఎల్‌సీ పేరు మీద ఉండొచ్చు. లీజు మీద ఎవరి పేరుందో, కౌంటీ రికార్డులో ఎవరిదో చూసి అదే రాయండి. పేరు తప్పయితే గెలిచినా వసూలు కాదు.

రుజువుల్లో గట్టిది వాట్సాప్ మెసేజ్ దొరికింది. ఓనరూ తెలుగాయనే. "డిపాజిట్ నెలాఖరుకి వేసేస్తాలే తమ్ముడూ, టెన్షన్ పడకు" అని రాశారు. కోర్టు తెలుగు చదవదు కదా. ఆ మెసేజ్‌ను మూడో మనిషితో ఇంగ్లిష్‌లోకి అనువదింపజేసి, "ఇది సరైన అనువాదం" అని వాళ్ల సంతకంతో జతపరిచారు. స్క్రీన్‌షాట్‌లో తేదీ, ఫోన్ నంబరు కనబడేలా మూడు కాపీలు ప్రింట్ తీశారు: జడ్జికి, అవతలివాళ్లకు, తమకు. ఫోన్ చూపించి "ఇదిగో చూడండి" అంటే కుదరదు.

న్యూ బ్రన్స్‌విక్ కోర్టులో వాయిదా రోజున విచారణకు ముందే రాజీ కుదుర్చుకోమని పక్క గదికి పంపారు. 3,600 దగ్గర తెగింది. రాజీ కాగితం మీద ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏం జరగాలి అన్నది రాయించుకోమన్నాను. ఆ రెండో వాక్యం లేకుండా సంతకం పెట్టొద్దు.

తీర్పు గెలిచినంత మాత్రాన డబ్బు దానంతట అది రాదు. కోర్టు వసూలు చేసి చేతిలో పెట్టదు. అవతలివాళ్ల బ్యాంకు అకౌంట్, ఉద్యోగం వివరాలు కనుక్కుని, లెవీకి మీరే దరఖాస్తు పెట్టుకోవాలి. అద్దె చెక్కులు ఏ బ్యాంకులో జమయ్యాయో చూస్తే ఓనరు బ్యాంకు తెలిసిపోతుంది. అందుకే పాత చెక్కుల వెనక వైపు కాపీలు దాచుకోండి.

8. ట్రాఫిక్, క్రిమినల్, ఇమిగ్రేషన్

ట్రాఫిక్ టికెట్‌ను ఆన్‌లైన్‌లో కట్టేయడమంటే చాలా రాష్ట్రాల్లో తప్పు ఒప్పుకున్నట్టే. లైసెన్సు మీద తప్పుల పాయింట్లు పడతాయి, ఇన్సూరెన్స్ పెరుగుతుంది. కట్టే ముందు కోర్టుకు వెళ్లే అవకాశం ఉందేమో చూడండి. తక్కువ పాయింట్ల అభియోగానికి మార్చమని ప్రాసిక్యూటర్‌ను అడగొచ్చు.

దుకాణంలో వస్తువు తీశారన్న కేసును "చిన్నదే, ఫైన్ కట్టేస్తే పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. పౌరుడికి చిన్నదైనది వీసా మీద ఉన్నవాళ్లకు చిన్నది కాకపోవచ్చు. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడీయా కేసులో తీర్పిచ్చింది. కాబట్టి "నా స్టేటస్ ఇది, దీనివల్ల నా వీసాకు ఏమవుతుంది?" అని మొదటి రోజే అడగండి. స్తోమత లేనివాళ్లకు జైలు పడే అవకాశమున్న క్రిమినల్ కేసులో లాయర్ని ప్రభుత్వమే ఇస్తుంది. మామూలు సివిల్ కేసులో ఇవ్వదు.

ఇమిగ్రేషన్ కోర్టు న్యాయశాఖలో భాగం, అక్కడి జడ్జీలను అటార్నీ జనరల్ నియమిస్తారు. లాయర్ని పెట్టుకోవచ్చు, ఖర్చు మీదే. వాయిదాకు వెళ్లకపోతే మీరు లేకుండానే దేశం విడిచి వెళ్లాలనే ఆర్డర్ వేయొచ్చు. ఇల్లు మారితే 5 పనిదినాల్లో ఆ కోర్టుకు ఈఓఐఆర్-33 ఫారం ఇవ్వాలి. ఇమిగ్రేషన్ ఆఫీసుకు ఇచ్చే ఏఆర్-11 వేరు, దానికి 10 రోజులు. ఒకటి ఇస్తే రెండోదీ ఇచ్చినట్టు కాదు. చాలామంది పడిపోయేది ఈ గుంటలోనే.

జ్యూరీకి (కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందానికి) రమ్మని పిలుపు వస్తే పౌరులు కానివాళ్లు "పౌరుణ్ని కాను" అని గడి నింపి వెనక్కి పంపాలి. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. పారేయకూడదు, వెళ్లి కూర్చోనూ కూడదు.

9. వాయిదా రోజు

ముప్పావు గంట ముందు చేరండి, సెక్యూరిటీ దగ్గర లైను ఉంటుంది. కొన్ని ఫెడరల్ కోర్టుల్లో ఫోన్ లోపలికి రానివ్వరు, ముందు రోజే కనుక్కోండి. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కాగితం అందిన వారంలోనే రాసి అడగండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా స్టేట్ కోర్టులు ఉచితంగా ఏర్పాటు చేస్తాయి. తెలుగువాళ్లు దొరకడం కష్టం కాబట్టి ఫోన్‌లోనో వీడియోలోనో ఉంటారు. "హిందీ చాలు" అని ఒప్పుకోకండి. కొడుకో కోడలో అనువదిస్తామంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు.

జడ్జిని "యువర్ ఆనర్" అనండి. అడిగినదానికి మాత్రమే చెప్పండి. తల అడ్డంగా ఊపితే మనకు అవునని, వాళ్లకు కాదని. మాట రూపంలో "ఎస్" లేదా "నో" అనండి, రికార్డులో మాటే ఎక్కుతుంది.

10. ఓడిపోతే

అప్పీలు అంటే కేసు మళ్లీ మొదటి నుంచి నడవడం కాదు. కొత్త సాక్ష్యం తీసుకోరు. కింది జడ్జి చట్టాన్ని తప్పుగా అన్వయించారా అన్నదే ప్రధానంగా చూస్తారు. అందుకే మీ అభ్యంతరం కింది కోర్టు రికార్డులోనే ఉండాలి.

- ఫెడరల్ సివిల్: 30 రోజులు, అమెరికా ప్రభుత్వం కక్షిదారైతే 60
- ఫెడరల్ క్రిమినల్: ముద్దాయికి 14 రోజులు
- న్యూజెర్సీ: 45 రోజులు
- టెక్సస్: మామూలుగా 30 రోజులు

ఫెడరల్ అప్పీలు కోర్టులను సర్క్యూట్లు అంటారు. న్యూజెర్సీ ఫెడరల్ కేసు థర్డ్ సర్క్యూట్‌కు, టెక్సస్‌ది ఫిఫ్త్‌కు, కాలిఫోర్నియాది నైన్త్‌కు వెళ్తాయి. స్టేట్ కేసు ఆ రాష్ట్ర నిచ్చెన మీదే పైకి వెళ్తుంది. రాష్ట్ర చట్టం మీద రాష్ట్ర అత్యున్నత కోర్టుదే ఆఖరి మాట. ఫెడరల్ చట్టమో రాజ్యాంగమో ఇమిడి ఉంటేనే వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు తలుపు తట్టగలరు. అక్కడికి 90 రోజుల్లో పిటిషన్ వేయాలి, 9 మందిలో నలుగురు ఒప్పుకుంటేనే వింటారు. ఏటా వేలల్లో వచ్చే పిటిషన్లలో వందలోపే విచారణకు నోచుకుంటాయి.

11. ఇండియాతో ముడిపడితే

విడాకుల కేసు వేయాలంటే న్యూజెర్సీలో మామూలుగా ఏడాది, టెక్సస్‌లో ఆ రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. అయితే ఇక్కడి డిక్రీ అక్కడ చెల్లుతుందా అన్నది వేరే సంగతి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు, చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ఇద్దరూ హాజరై సమ్మతితో తీసుకున్న డిక్రీకి బలం ఎక్కువ.

డబ్బు డిక్రీ కూడా అంతే. అమెరికా తీర్పును తెచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నేరుగా అమలు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద గుర్తించిన దేశాల జాబితాలో అమెరికా లేదు. ఆ తీర్పు ఆధారంగా అక్కడ కొత్త దావా వేయాలి, గడువు 3 ఏళ్లు.

ఇండియాలో ఉన్న ప్రతివాదికి కాగితం పంపేటప్పుడు మామూలు పోస్టులోనో కొరియర్‌లోనో పంపి ఊరుకోకండి. దేశాల మధ్య కోర్టు కాగితాలు అందించే హేగ్ సర్వీస్ ఒప్పందంలో భారత్ ఉంది, నేరుగా పోస్టులో పంపే పద్ధతికి మాత్రం అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖ ద్వారానే వెళ్లాలి. అక్కడి నుంచి జిల్లా కోర్టుకు చేరి, అమీనా ఇంటికొచ్చి ఇవ్వడానికి నెలలు పడుతుంది. అందుకని దావా వేసిన వారంలోనే ఆ దరఖాస్తు పంపేయండి, అడ్రసులో మండలం, జిల్లా, పిన్‌కోడ్ పూర్తిగా రాయండి, పంపిన రుజువును మొదటి వాయిదాలోనే జడ్జికి చూపించి గడువు అడగండి.